నెబ్యులా ఫోటోను చదవడం ఎలా? వాయు మేఘంలో భారీ నక్షత్రాల జాడ పట్టే పద్ధతి

నెబ్యులా అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘం. దాని ఫోటో చూస్తే ఎవరి కళ్లైనా ముందు రంగుల మీదికే పోతాయి. నావీ అంతే. చాలాకాలం ఆ ఎరుపును మంట అనుకున్నాను, నల్లగా కనిపించే చోట్లను ఖాళీ అనుకున్నాను. రెండూ తప్పేనని తెలిశాక ఫోటో చూసే తీరే మారిపోయింది. ఇప్పుడు ముందు అంచులు చూస్తాను. అంచు ఎటు తిరిగి ఉంది, ఎటువైపు మెరుస్తోంది, దాని వెనక ఏం దాక్కుంది అని వెతుకుతాను. ఆ వెతుకులాటే మీకు నేర్పాలని ఈ ప్రయత్నం. టెలిస్కోప్ అక్కర్లేదు. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్, ఒక కాగితం, ఒక స్కేలు చాలు.

మొదలుపెట్టే ముందు: నక్షత్రం మేఘాన్ని ఏం చేస్తుంది?

సూర్యుడికి ఎనిమిది రెట్లు, అంతకు మించి ద్రవ్యరాశి ఉన్నవాటిని భారీ నక్షత్రాలు అంటారు. ఇవి చాలా తక్కువగా పుడతాయి, త్వరగా పోతాయి. సూర్యుడి ఆయుష్షు సుమారు 1,000 కోట్ల ఏళ్లయితే, సూర్యుడికి 20 రెట్లున్న నక్షత్రం దాదాపు కోటి ఏళ్లలోపే అయిపోతుంది. పుట్టిన మేఘాన్ని వదిలి దూరం పోయేంత సమయం చాలావాటికి దొరకదు. అందుకే అవి చేసే మార్పులన్నీ సొంత ఇంటి గోడల మీదే కనిపిస్తాయి.

వాటి చేతిలో ఉన్న మొదటి ఆయుధం అతినీలలోహిత కాంతి. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. మేఘంలో ఎక్కువగా ఉండేది హైడ్రోజన్. 91.2 నానోమీటర్ల కంటే చిన్న తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి తగిలితే హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. సూర్యుడి లాంటి నక్షత్రం నుంచి ఇలాంటి కాంతి దాదాపు రాదు. ఉపరితలం 30,000 డిగ్రీలు దాటిన నక్షత్రం నుంచి మాత్రం కుండపోతగా వస్తుంది. దాంతో చుట్టూ ఉన్న వాయువు అయాన్లుగా, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న కణాలుగా, మారి సుమారు 10,000 డిగ్రీలకు వేడెక్కుతుంది. పక్కనే ఉన్న చల్లని మేఘం సున్నాకు దిగువన 250, 260 డిగ్రీల దగ్గర ఉంటుంది. పైగా ఒక హైడ్రోజన్ అణువు విడిపోతే రెండు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు, అంటే ఒకటున్న చోట నాలుగు కణాలు. వేడి వందల రెట్లు పెరిగింది, కణాల సంఖ్య నాలుగింతలైంది. ఇక ఒత్తిడి ఏ స్థాయిలో పెరుగుతుందో ఊహించండి. ఆ వేడి వాయువు సెకనుకు 10 కిలోమీటర్ల స్థాయి వేగంతో చల్లని మేఘాన్ని నెట్టుకుంటూ బయటికి వ్యాపిస్తుంది.

రెండో ఆయుధం నక్షత్రం నుంచి వీచే గాలి. సెకనుకు 2,000 కిలోమీటర్లు దాటిన వేగంతో కణాలు బయటికి దూసుకొస్తాయి. మూడోది చివరి పేలుడు, సూపర్‌నోవా.

ఇవన్నీ చూసి మేఘం ఆకారమంతా నక్షత్రం చేసిందేనని అనుకుంటే పొరపాటు. నక్షత్రం అన్ని వైపులకూ ఒకేలా తోస్తుంది. మేఘమే అన్ని చోట్లా ఒకేలా ఎదురు నిలవదు. పల్చగా ఉన్న చోట త్వరగా కరిగిపోతుంది, చిక్కగా ఉన్న చోట మొండికేస్తుంది. ఫోటోలో మనం చూసే వంపులు, గుహలు, స్తంభాలు ఈ పెనుగులాట గుర్తులే. కింద చెప్పే ప్రతి అడుగులోనూ రెండు ప్రశ్నలు వేసుకుంటూ ఉండండి: ఎవరు తోస్తున్నారు? ఎవరు తట్టుకుంటున్నారు?

అడుగు 1: ఒకే చోటును రెండు రకాల కాంతిలో తెరవండి

అలాడిన్ లైట్ అనే ఉచిత వెబ్ ప్రోగ్రాం ఉంది, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఖగోళ డేటా కేంద్రం నడుపుతోంది. బ్రౌజర్‌లో తెరిచి, వెతికే పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో ఎం 42 అని కొట్టండి. ఒరాయన్ నెబ్యులా వస్తుంది. మనకు దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో, భారీ నక్షత్రాలు పుడుతున్న చోట్లలో బాగా దగ్గరిది కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకు మించింది లేదు.

పక్కనున్న సర్వేల (ఆకాశాన్ని తీసిన ఫోటోల సేకరణల) జాబితాలో డీఎస్ఎస్ అంటే మామూలు కాంతిలో తీసినది, ఆల్‌వైజ్ అంటే పరారుణ కాంతిలో తీసినది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూడండి. మామూలు కాంతిలో వేడి వాయువు కనబడుతుంది, పరారుణంలో ధూళి కనబడుతుంది. ఒక్క ఫోటోతో నిర్ణయానికి రావద్దు. నేను ఈ అడుగు వదిలేసిన ప్రతిసారీ ఏదో ఒకటి తప్పుగానే చదివాను.

అడుగు 2: రంగు దేనికి గుర్తో ముందు కనుక్కోండి

ఫోటో కింద ఉన్న వివరణలో ఏ రంగుకు ఏ ఫిల్టర్ వాడారో రాసి ఉంటుంది. అది చదవకుండా ముందుకు పోవద్దు. ఊడిన ఎలక్ట్రాన్ తిరిగి హైడ్రోజన్‌తో కలిసేటప్పుడు 656.3 నానోమీటర్ల ఎరుపు కాంతి వస్తుంది. సహజ రంగుల ఫోటోల్లో కనిపించే ఎరుపు అదే. మంట కాదు, హైడ్రోజన్ మళ్లీ కూడుకుంటున్న జాడ.

హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ ఫోటోల్లో చాలావాటికి వేరే పద్ధతి వాడతారు. సల్ఫర్ అయాన్లకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌కు నీలం ఇస్తారు. ఈ పద్ధతి మనకు చాలా పనికొస్తుంది. ఆక్సిజన్ నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాగాలంటే బలమైన కాంతి కావాలి, కాబట్టి నీలం ఎక్కువగా ఉన్న చోట వేడి నక్షత్రం ప్రభావం గట్టిగా ఉన్నట్టు. సల్ఫర్ ఎరుపు ఎక్కువగా చల్లని మేఘానికి ఆనుకున్న సరిహద్దు దగ్గర కనబడుతుంది. నీలం నుంచి ఎరుపు వైపు వేలు జరిపితే మీరు నక్షత్రం నుంచి మేఘం గోడ వైపు నడుస్తున్నట్టే. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ ఫోటోలు పరారుణంలోవి. వాటి లెక్క వేరు, కాబట్టి అక్కడ ఈ సూత్రం వాడకండి.

అడుగు 3: పని చేస్తున్న నక్షత్రాన్ని పట్టుకోండి

ఫోటోలో అన్నిటికంటే మెరిసే నక్షత్రమే కారణం అనుకోవద్దు. అది మనకూ నెబ్యులాకూ మధ్యలో ఎక్కడో ఉన్న మామూలు నక్షత్రం కావచ్చు. కాబట్టి అనుమానం ఉన్న ప్రతి నక్షత్రానికీ రెండు పరీక్షలు పెట్టండి.

మొదటిది దాని రకం. నక్షత్రాలను వేడి నుంచి చల్లదనం వైపు ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం అని వరుస పెట్టారు. ఈ అక్షరాల వెనక ఉన్నది ముఖ్యంగా ఉష్ణోగ్రత తేడాయేనని లెక్కకట్టి చూపించే దారి 1920లో మేఘనాథ్ సాహా రాసిన అయనీకరణ సూత్రంతో దొరికింది. సింబాడ్ అనే డేటాబేస్‌లో నక్షత్రం పేరు కొడితే రకం కనిపిస్తుంది. మీకు కావాల్సింది 'ఓ' (O) రకం, లేదా 'బీ' (B) రకంలో బాగా వేడివి. సూర్యుడు జీ రకం. అలాంటిది కనబడితే పక్కన పెట్టేయండి.

రెండోది దూరం. అదే పేజీలో పారలాక్స్ అని, అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు నక్షత్రం ఎంత జరిగినట్టు కనిపిస్తుందో చెప్పే కోణం, మిల్లీ ఆర్క్‌సెకన్లలో ఒక అంకె ఉంటుంది. 1,000ని ఆ అంకెతో భాగిస్తే దూరం పార్సెక్‌లలో వస్తుంది. దాన్ని 3.26తో గుణిస్తే కాంతి సంవత్సరాలు. పారలాక్స్ 2.5 ఉంటే 400 పార్సెక్‌లు, అంటే దాదాపు 1,300 కాంతి సంవత్సరాలు. అది ఒరాయన్ నెబ్యులా దూరంతో సరిపోతోంది. సరిపోకపోతే ఆ నక్షత్రానికీ ఆ మేఘానికీ సంబంధం లేదు.

ఒరాయన్‌లో ఈ వెతుకులాట మిమ్మల్ని నడిమధ్యలో ఉన్న ట్రపీజియం అనే చిన్న గుంపు దగ్గరికి చేరుస్తుంది. అందులో తీటా-1 ఒరయానిస్ సి అనే నక్షత్రం 'ఓ' (O) రకానిది. సూర్యుడికి 30 రెట్లకు పైగా ద్రవ్యరాశి, ఉపరితలం దాదాపు 39,000 డిగ్రీలు. ఆ నెబ్యులా వెలుగులో పెద్ద భాగం ఈ ఒక్క నక్షత్రం పుణ్యమే. అంత పెద్ద మేఘం ముందు ఆ చిన్న చుక్కను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కొన్ని ఫోటోల్లో ఆ నక్షత్రం ఫ్రేములోనే ఉండదు. అప్పుడు టెన్షన్ పడకండి, తర్వాతి అడుగు అందుకే ఉంది.

అడుగు 4: మెరిసే అంచులకు బాణాలు గీయండి

ఫోటోను ప్రింట్ తీసుకోండి, లేదా పల్చటి కాగితం మీద గీతలు దించుకోండి. మేఘం ఎక్కడెక్కడ సన్నని మెరుపు గీతతో ముగుస్తుందో అక్కడల్లా ఆ గీతకు లంబంగా, మెరుపు ఉన్న వైపుకు ఒక బాణం గీయండి. పదో పదిహేనో బాణాలు గీశాక స్కేలుతో వాటిని పొడిగించండి. చాలావరకు ఒకే ప్రాంతంలో కలుస్తాయి. నక్షత్రం ఉండేది అక్కడ.

ఇలా ఎందుకు కుదురుతుంది? నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి దారిలో ఉన్న హైడ్రోజన్‌కు ఖర్చయిపోతూ వస్తుంది. ఒక చోటికి వచ్చేసరికి మొత్తం అయిపోతుంది. అయాన్లున్న ప్రాంతం క్రమంగా మసకబారదు, గీత గీసినట్టు ఆగిపోతుందని 1939లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త బెంగ్ట్ స్ట్రోమ్‌గ్రెన్ లెక్కకట్టి చూపించారు. ఆ సరిహద్దు చిక్కని మేఘం మీద పడినప్పుడు గోడకు ఒకవైపు ఎండ తగిలినట్టు నక్షత్రం వైపున్న ముఖం వెలుగుతుంది.

ఒరాయన్ బార్ అనే మెరుపు గీతతో మొదలుపెట్టండి. ట్రపీజియానికి కాస్త ఆగ్నేయంగా వాలుగా కనబడుతుంది. అది మేఘం గోడే, మనకు పక్కనుంచి కనబడుతోంది. గుర్రపుతల నెబ్యులా మీద కూడా ఇదే చేసి చూడండి, వెలిగే అంచు సిగ్మా ఒరయానిస్ వైపు తిరిగి ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఫోటోకు లోతు లేదు. నక్షత్రం మేఘానికి ముందు ఉండొచ్చు, వెనక ఉండొచ్చు. ఒరాయన్ నెబ్యులా నిజానికి బంతి కాదు, ఒక పెద్ద చల్లని మేఘం ముందు ముఖాన మన వైపు తెరుచుకున్న గిన్నె. బాణాలు సరిగ్గా ఒక బిందువులో కలవకపోవడానికి ఈ లోతు కూడా ఒక కారణం.

అడుగు 5: నల్లటి చోటు ఖాళీయా, నిండుదా తేల్చండి

నల్లగా ఉన్న ప్రతి ప్రాంతం దగ్గరా ఆగి దాని వెనకున్న చిన్న నక్షత్రాలు లెక్కపెట్టండి. చుట్టుపక్కల ఉన్నన్ని అక్కడా ఉంటే అది నిజమైన ఖాళీ కావచ్చు. నక్షత్రాలే లేకపోతే అక్కడ ధూళి అడ్డుగా ఉంది. తర్వాత అదే చోటును పరారుణంలో తెరవండి. ధూళి అయితే అక్కడ మెరుస్తుంది, లేదా వెనకున్న నక్షత్రాలు ఒక్కసారిగా బయటపడతాయి. నిజమైన ఖాళీ అక్కడా ఖాళీగానే ఉంటుంది.

రోజెట్ నెబ్యులా మధ్యలోని గుంట ఖాళీయే. ఎన్‌జీసీ 2244 అనే గుంపులోని 'ఓ' (O) రకం నక్షత్రాల కాంతి, గాలి కలిసి దాన్ని తవ్వేశాయి. గుర్రపుతల నల్లదనం మాత్రం పూర్తిగా ధూళి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా మళ్లీ మర్చిపోరు.

అడుగు 6: స్తంభాలను కొన నుంచి చదవండి

స్తంభం చూడగానే గాలి దాన్ని అలా సాగదీసిందనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. స్తంభం కొన దగ్గర మేఘం ముందే చిక్కగా ఉంది. చుట్టూ ఉన్న పల్చటి వాయువు కరిగిపోతూ వెనక్కి తగ్గితే, ఆ చిక్కని ముద్ద తన వెనకున్న వాయువుకు గొడుగు పట్టింది. ఆ నీడలో మిగిలినదే స్తంభం. కాబట్టి కొన ఎటు చూపిస్తే అటు నక్షత్రం ఉంటుంది, మొదలు మేఘంలో ఉంటుంది.

ఈగిల్ నెబ్యులాలోని సృష్టి స్తంభాలను తెరవండి. 1995లో ఖగోళ శాస్త్రవేత్తలు జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ హబుల్‌తో తీసిన ఫోటో ఇది. 2014లో హబుల్, 2022లో జేమ్స్ వెబ్ మళ్లీ తీశాయి. దీన్ని మలిచిన ఎన్‌జీసీ 6611 గుంపు ఆ ఫ్రేములో లేదు, బయట పై వైపున ఉంది. మీ బాణాలన్నీ పైకి పోతే మీరు సరిగ్గా చదివినట్టే. కొనల దగ్గర సన్నని పొగ లాంటి తీగలు బయటికి పోతూ కనబడతాయి. కాంతి తగిలి వేడెక్కిన వాయువు ఉపరితలం నుంచి ఆవిరైపోతోంది. చిలీలోని పెద్ద టెలిస్కోప్‌తో చేసిన 2015 నాటి కొలతల ప్రకారం ఈ స్తంభాల మొత్తం బరువు సుమారు 200 సూర్యులంత, పదిలక్షల ఏళ్లకు 70 సూర్యులంత కరిగిపోతోంది. ఆ రెండు అంకెలూ భాగిస్తే వాటికి మిగిలిన ఆయుష్షు దాదాపు 30 లక్షల ఏళ్లు.

హబుల్ ఫోటో పక్కన వెబ్ ఫోటో పెట్టుకుని చూడండి. హబుల్‌లో రాతిలా గట్టిగా కనిపించిన స్తంభాలు వెబ్‌లో చాలాచోట్ల ముసుగులా పల్చబడిపోతాయి, వాటి చుట్టూ వేల నక్షత్రాలు కనబడతాయి. అయినా చిక్కగా నిలిచిన భాగాలేవో చూడండి. ఎక్కువగా కొనలే. తట్టుకున్నది ఎవరన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది.

అడుగు 7: బుడగ దొరికితే కొలవండి

గుండ్రటి అంచు, లోపల ఖాళీ కనబడితే అది బుడగ. దాని వెడల్పును అలాడిన్‌లోని కొలత సాధనంతో డిగ్రీల్లో తీసుకోండి. డిగ్రీలను దూరంతో గుణించి 57.3తో భాగిస్తే అసలు వెడల్పు వస్తుంది. 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 24 కాంతి సంవత్సరాలు.

బుడగ వయసుకు ఇంకా తేలికైన లెక్క ఉంది. కాంతి వేగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లు. కాబట్టి సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో పోయేది ఒక కాంతి సంవత్సరం దాటడానికి 3,00,000 ఏళ్లు పడుతుంది. బుడగ వ్యాసార్ధాన్ని వేగంతో భాగించి 3,00,000తో గుణించండి, అంతే.

ఒరాయన్‌తో చేసి చూద్దాం. విమానంలో అమర్చిన సోఫియా అనే పరారుణ టెలిస్కోప్‌తో తీసిన కొలతలు 2019లో వచ్చాయి. నెబ్యులా ముందున్న తెర నిజానికి ఒక గుల్ల అని, దాని వ్యాసార్ధం సుమారు 13 కాంతి సంవత్సరాలని, అది సెకనుకు 13 కిలోమీటర్ల వేగంతో ఉబ్బుతోందని తేలింది. దాన్ని ఉబ్బిస్తున్నది తీటా-1 ఒరయానిస్ సి గాలి. మన లెక్కలో 13ని 13తో భాగిస్తే ఒకటి, అంటే 3,00,000 ఏళ్లు. పరిశోధకులు చెప్పింది దాదాపు 2,00,000 ఏళ్లు. తేడా ఎందుకంటే బుడగ మొదట్లో ఇంకా వేగంగా పెరిగింది, తర్వాత మేఘాన్ని పోగేసుకుంటూ నెమ్మదించింది. కాబట్టి మీకు వచ్చే అంకెను గరిష్ఠ వయసుగా రాసుకోండి.

బుడగలో నక్షత్రం సరిగ్గా నడిమధ్యలో లేకపోతే దిగులు పడొద్దు, సంతోషించండి. అది మేఘం గురించి చెబుతోంది. బబుల్ నెబ్యులాలో నక్షత్రం ఒక పక్కకు ఉంటుంది, ఎందుకంటే ఆ పక్కన వాయువు చిక్కగా ఉండి బుడగను ఎక్కువ దూరం పోనివ్వలేదు. అంచు నక్షత్రానికి దగ్గరగా ఉన్న వైపు గోడ గట్టిదని గుర్తుపెట్టుకోండి.

అడుగు 8: అంచుల్లో కొత్త నక్షత్రాలు ఉంటే తొందరపడి తీర్పు ఇవ్వకండి

బుడగ నెట్టిన వాయువు అంచున పోగుపడి, తన బరువుకు తానే కుంగి కొత్త నక్షత్రాలు కావచ్చన్న ఆలోచనను 1977లో ఖగోళ శాస్త్రవేత్తలు ఎల్మెగ్రీన్, లాడా వివరంగా చెప్పారు. ఆర్‌సీడబ్ల్యూ 120 అనే దాదాపు గుండ్రటి బుడగ అంచున హెర్షెల్ టెలిస్కోప్‌కు 2010లో ఒక శిశు నక్షత్రం దొరికింది, అప్పటికే సూర్యుడికి ఎనిమిది రెట్లకు పైగా ఉంది. అయితే ఆ చోట మేఘం ముందే చిక్కగా ఉండి, ఎలాగూ నక్షత్రం పుట్టేదేమో కూడా. పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదాన్ని పుట్టించిందని చెప్పలేం. మీ నోట్సులో "అంచున కొత్త నక్షత్రం ఉంది" అని రాయండి. "బుడగే పుట్టించింది" అని రాయాలంటే కొత్త నక్షత్రం వయసు బుడగ వయసు కంటే తక్కువని చూపించాలి.

అడుగు 9: జూమ్ తగ్గించండి

చివరగా ఫ్రేమును బాగా పెద్దది చేసి చూడండి. ఒరాయన్ నెబ్యులా చుట్టూ బార్నార్డ్ లూప్ అనే పెద్ద ఎర్రటి వంపు కనబడుతుంది. ఆ ప్రాంతంలో ముందు తరాల భారీ నక్షత్రాలు బతికి, పేలి తవ్విన మరింత పెద్ద గుల్లలో అదో భాగం. మనమూ అలాంటి దానిలోనే ఉన్నాం. సూర్యుడి చుట్టూ సుమారు 1,000 కాంతి సంవత్సరాల వెడల్పున ఒక పల్చటి బుడగ ఉంది. సుమారు 1.4 కోట్ల ఏళ్ల క్రితం మొదలై దాదాపు 15 సూపర్‌నోవాలు దాన్ని ఊదాయని 2022లో వచ్చిన పరిశోధన చెప్పింది. దాని గోడల మీదే మన దగ్గర్లోని నక్షత్రాలు పుట్టే మేఘాలు దాదాపు అన్నీ ఉన్నాయి. సూర్యుడు అక్కడ పుట్టలేదు, తర్వాత దారిలో లోపలికి వచ్చాడు.

ఇక మీ వంతు

రోజెట్ నెబ్యులా తెరవండి. దూరం సుమారు 5,000 కాంతి సంవత్సరాలు, ఆకాశంలో వెడల్పు ఒక డిగ్రీకి కాస్త పైన. మధ్యలోని గుంపులో హెచ్‌డీ 46223, హెచ్‌డీ 46150 అనే రెండు నక్షత్రాల రకం సింబాడ్‌లో చూడండి. గుంట చుట్టూ ఉన్న మెరిసే అంచులకు బాణాలు గీయండి. లోపలికి చాచిన చిన్న నల్లటి వేళ్లను వెతికి, కొనలు ఎటు చూస్తున్నాయో రాసుకోండి. పరారుణంలోకి మార్చి గుంట ఖాళీయేనా తేల్చుకోండి. మొత్తం వెడల్పు లెక్కకట్టండి, మీకు వందకు పైగా కాంతి సంవత్సరాలు రావాలి. చేయి తిరిగాక జూనివర్స్ వేదికలోని మిల్కీ వే ప్రాజెక్ట్ గురించి చదవండి. స్పిట్జర్ టెలిస్కోప్ ఫోటోల్లో మామూలు జనం కళ్లతో వెతికి గుర్తించిన 5,000కు పైగా బుడగల జాబితా అది. అందులోంచి ఒకటి ఎంచుకుని, అలాడిన్‌లో తెరిచి, మొదటి అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.